దుబాయా, మస్కటా: భిక్నూర్ ఇళ్ల బడి లెక్క

భిక్నూర్ మండలంలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు అరుదు. చమురు డబ్బుతో ఎడారిలో నగరాలు లేస్తున్న 1970ల నుంచి ఉమ్మడి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల వాళ్లు అటు పోతూనే ఉన్నారు. తొలి తరం మేస్త్రీ పనికి, కూలికి పోయింది. పిల్లలు ఊళ్లోనే నాయనమ్మ దగ్గర పెరిగారు కాబట్టి అక్కడి బడి సంగతి ఆ తరానికి పట్టలేదు. ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. ఐటీఐ చేసి ఏసీ మెకానిక్‌గా వెళ్లినవాడు సూపర్‌వైజర్ అయ్యాడు. కామారెడ్డిలో డిగ్రీ చదివినవాడు అకౌంటెంట్‌గా కుదిరాడు. హైదరాబాద్‌లో బీటెక్ చేసినవాడు సైట్ ఇంజినీరయ్యాడు. పెండ్లయింది, ఇద్దరు పిల్లలున్నారు. "మమ్ముల ఎప్పుడు తీస్కపోతవ్?" అని ఇంటి నుంచి ఫోను. తీసుకుపోతే పిల్లల్ని ఏ ఊళ్లో, ఏ బడిలో వేయాలన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇంగ్లిషు పత్రికలు రాసే జవాబులు మనకు పనికిరావు. అవి లండన్ నుంచో సిడ్నీ నుంచో బదిలీ మీద వచ్చే మేనేజర్ల కోసం రాసినవి. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, ఏడాదికోసారి విమాన టికెట్లు అన్నీ కంపెనీవే అయినప్పుడు ఏ బడిలో ఈతకొలను పెద్దదో చూసుకోవచ్చు. మన ఇళ్ల లెక్క వేరు. ఫీజు జీతంలోంచే కట్టాలి, ఊళ్లో అప్పు తీరాలి, పిల్లవాడు ఏదో ఒకనాడు తిరిగి తెలంగాణకే రావాలి. అన్నింటికన్నా బరువైనది ఈ చివరిదే, అయినా బయల్దేరేటప్పుడు దాన్ని తలచేవాళ్లు తక్కువ.

ముందుగా, పోల్చాల్సిన నగరాలు ఈ రెండే ఎందుకు? సౌదీలో మనవాళ్లు లెక్కకు మించి ఉన్నారు. కానీ అక్కడి ప్రభుత్వం 2017 జులై నుంచి కుటుంబ సభ్యులపై తలసరి రుసుము పెట్టింది. నెలకు 100 రియాళ్లతో మొదలై 2020 నాటికి అది 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలుంటే నెలకు 1,200 రియాళ్లు. ఆ దెబ్బకు వేలాది కుటుంబాలు సామాన్లు సర్దుకున్నాయి. కువైట్ ఫ్యామిలీ వీసాలను కొంతకాలం ఆపేసి, 2024 జనవరిలో తిరిగి తెరుస్తూ 800 దినార్ల జీతం ఉండాలంది. రెండు లక్షల రూపాయలు దాటిన మాట అది. ఖతార్‌లోనూ జీతం గీత ఎత్తులోనే ఉంది. మధ్యతరగతి జీతగాడు భార్యాపిల్లలను పిలిపించుకోగలిగిన చోట్లలో, భారతీయ బడులు దశాబ్దాలుగా పాతుకుపోయిన నగరాలు చూస్తే దుబాయ్, మస్కట్ ముందు నిలుస్తాయి.

వీసా గీత

బడి కన్నా ముందు వీసా. యూఏఈ 2019లో పాత వృత్తుల జాబితాను పక్కనపెట్టి ఆదాయాన్నే ప్రమాణం చేసింది. నెలకు 4,000 దిర్హంలు, లేదా 3,000 దిర్హంలతోపాటు కంపెనీ ఇచ్చే ఇల్లు ఉంటే కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. ఒమన్ 2023లో ఈ గీతను 150 రియాళ్లకు దించింది. రెండు కరెన్సీలూ డాలరుకు కట్టేసినవే కాబట్టి పోల్చడం తేలిక. 150 రియాళ్లంటే సుమారు 1,430 దిర్హంలు. దిర్హం 24 రూపాయల దగ్గర, రియాల్ 230 దగ్గర ఉందనుకుంటే దుబాయ్ గీత 96 వేల రూపాయలు, మస్కట్ గీత 34,500.

అంటే దుబాయ్‌లో లైట్ డ్రైవర్ కుటుంబాన్ని తేలేడు. అదే పని మస్కట్‌లో చేసేవాడు కాగితం మీదైతే తేగలడు. 'కాగితం మీద' అనడానికి కారణముంది. 150 రియాళ్లతో మస్కట్‌లో నలుగురు బతకడం అయ్యే పని కాదు. వీసా దొరికితే ఇల్లు గడిచినట్టు కాదు.

ఇక్కడే ఒక చిన్న చిక్కు చెప్పుకోవాలి. మన పల్లెల్లో పాత పాస్‌పోర్టుల మీద ఇంటిపేరు గడి ఖాళీగా, ఒక్క పేరే ఉండేది. 2022 నవంబర్ నుంచి యూఏఈ విజిట్ వీసాకు ఒంటిపేరు పాస్‌పోర్టును ఒప్పుకోవడం లేదు. పిల్లలకు కొత్తగా పాస్‌పోర్టు తీస్తున్నప్పుడే ఇంటిపేరు విడిగా రాయించాలి. బడి రికార్డులోనూ అదే స్పెల్లింగ్ ఉండాలి. దుబాయ్ బడిలో రెండో తరగతి, ఆపైన చేర్చాలంటే ఇక్కడి టీసీకి విద్యాశాఖ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర అడుగుతారు. టీసీలో ఒక పేరు, పాస్‌పోర్టులో మరో పేరు ఉంటే ఈ మెట్లలో ఎక్కడో ఒకచోట కాగితం ఆగిపోతుంది. ఏప్రిల్‌లో బడి మొదలైతే జూన్‌కు చేరే పిల్లలు ఇలాంటివాళ్లే.

దుబాయ్: ప్రతిదానికీ ధర, ప్రతిదానికీ రేటింగ్

దుబాయ్‌లో చదువు అచ్చంగా అంగడి. నిందగా అనడం లేదు, అక్కడి వ్యవస్థ తీరే అది. నగరంలోని పిల్లల్లో అత్యధికులు ప్రైవేటు బడుల్లోనే చదువుతారు. 2024-25లో అలాంటివి 227 ఉన్నాయి, పిల్లలు 3.87 లక్షల పైచిలుకు. బ్రిటిష్, అమెరికన్, ఫ్రెంచి, ఐబీ, మన సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ అన్నీ పక్కపక్కనే దొరుకుతాయి. వీటన్నింటిపై కన్నేసి ఉంచేది 2006లో పెట్టిన నాలెడ్జ్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్ అథారిటీ. అందరూ కేహెచ్‌డీఏ అంటారు. 2008 నుంచి అది బడులను తనిఖీ చేసి 'ఔట్‌స్టాండింగ్' మొదలుకొని 'వీక్', 'వెరీ వీక్' దాకా రేటింగులిచ్చి, నివేదికలను అందరికీ కనబడేలా పెడుతూ వచ్చింది. లెక్కలు ఎలా చెబుతున్నారు, నెమ్మదిగా నేర్చుకునే పిల్లలను ఎలా చూస్తున్నారు అన్నవి అందులో విడివిడిగా ఉంటాయి. కామారెడ్డిలో ఏ తండ్రికీ దొరకని సౌకర్యం ఇది. అయితే 2024-25 నుంచి పూర్తిస్థాయి తనిఖీలు ఆపారు. పాత రేటింగు చూసి మురిసిపోకుండా అది ఏ ఏడాదిదో చూసుకోవాలి.

ఫీజు పెంపుకూ పగ్గం ఉంది. బడి నడిపే ఖర్చుల సూచీని లెక్కగట్టి ఏటా పరిమితి ప్రకటిస్తారు. 2023-24లో ఆ సూచీ 3 శాతం, 2024-25లో 2.6, 2025-26లో 2.35. హైదరాబాద్‌లో ఏటా ఫీజుల మీద తల్లిదండ్రులు ధర్నాలు చేయడం చూసినవాడికి ఇది ముచ్చటగానే ఉంటుంది. కానీ శాతం చిన్నదైతే సరిపోదు, అసలు పెద్దది. 2025లో మొదలైన ఒక బడి పై తరగతుల ఫీజు ఏడాదికి 2,06,000 దిర్హంలు. మన లెక్కలో 49 లక్షలు. ఆ డబ్బుకు భిక్నూర్‌లో ఇల్లు కట్టి, పిల్ల పెండ్లి చేసి, ఇంకా మిగుల్చుకోవచ్చు.

మనవాళ్లు చూసేది దీనికి అటు చివర ఉన్న బడులను. దుబాయ్‌లో చవకైనవి చాలావరకు భారతీయ సిలబస్‌వే. అక్కడి భారతీయ బడుల చరిత్ర ఆ దేశం కన్నా పాతది. ది ఇండియన్ హైస్కూల్ 1961లో మొదలైంది, యూఏఈ ఏర్పడింది 1971లో. లాభాపేక్ష లేకుండా నడిచే ఆ బడిలో ఫీజులు ఇప్పటికీ తక్కువ వరుసలోనే ఉన్నాయి. కేరళ నుంచి వచ్చిన వర్కీ దంపతులు 1968లో పెట్టిన అవర్ ఓన్ ఇంగ్లిష్ హైస్కూలే తర్వాత జెమ్స్ అనే మహా సంస్థకు విత్తనమైంది. అల్ ఖుసైస్, ఊద్ మేథా ప్రాంతాల్లో ఇలాంటి బడులు దగ్గరదగ్గరగా కనబడతాయి. ఇబ్బందల్లా, ఫీజు తక్కువ ఉన్న మంచి బడిలో సీటు దొరకదు, సీటు దొరికే బడి ఫీజు తక్కువ ఉండదు.

ఒక ఇంటి బడ్జెట్ వేసి చూద్దాం. జీతం 6,000 దిర్హంలు అనుకుందాం. దుబాయ్‌లో కిరాయి భరించలేక షార్జాలో ఒక బెడ్‌రూం ఇల్లు, నెలకు సుమారు 2,700. ఇద్దరు పిల్లలకు తక్కువలో తక్కువ ఫీజు తలా 600, బస్సు తలా 300, అంటే 1,800. మిగిలేది 1,500. అందులోనే తిండి, కరెంటు, ఫోను, మందులు. భిక్నూర్‌కు పంపడానికి ఏమీ ఉండదు. పైగా షార్జాలో ఉండి దుబాయ్ బడికి పంపితే పిల్లవాడు తెల్లారకముందే బస్సెక్కాలి. ఆ రెండు ఎమిరేట్ల మధ్య ట్రాఫిక్ తెలిసినవాళ్లు షార్జాలోనే బడి వెతుకుతారు. అక్కడ ఇండియన్ అసోసియేషన్ నడిపే షార్జా ఇండియన్ స్కూల్ చాలామంది తెలుగువాళ్లకు ఆధారం. అంటే 'దుబాయ్ బడి' అనుకుని బయల్దేరిన ఇల్లు చాలాసార్లు షార్జా బడిలో తేలుతుంది. షార్జాకు తనిఖీ సంస్థ వేరు, నిబంధనలు వేరు. ఇది తప్పేమీ కాదు, ముందే తెలిసి ఉండాలి, అంతే.

మస్కట్: పంచాయతీ లాంటి బడి

ఒమన్‌లో భారతీయ బడి కథ వేరే దారిలో నడిచింది. ఇండియన్ స్కూల్ మస్కట్ 1975లో నూటపాతిక, నూటయాభై మంది పిల్లలతో మొదలైంది. ఇప్పుడు గల్ఫ్‌లోని పెద్ద భారతీయ బడుల్లో అదొకటి. తర్వాత ఘుబ్రా, వాదీ కబీర్, దార్సైత్, సీబ్, మబేలాల్లో బడులు వచ్చాయి. సలాలా, సోహార్, నిజ్వా, సూర్, ఖసబ్ లాంటి ఊళ్లలోనూ ఉన్నాయి. మొత్తం ఇరవైకి పైగా బడులు, నలభై వేల పైచిలుకు పిల్లలు. ఇవన్నీ సీబీఎస్‌ఈవే. వీటికి యజమాని అంటూ ఎవరూ లేరు. లాభాపేక్ష లేని సముదాయ బడులు. పైన ఒక బోర్డ్ ఆఫ్ డైరెక్టర్స్, భారత రాయబారి దానికి పోషకుడు. బోర్డులో కొందరు తల్లిదండ్రుల ఓటుతో ఎన్నికవుతారు. ఆ ఎన్నికల హడావుడి అచ్చం మన సహకార సంఘం ఎన్నికల్లాగే ఉంటుంది. రాష్ట్రాలవారీగా, భాషలవారీగా వాట్సాప్ గ్రూపుల్లో ప్రచారం, మద్దతు తెలుపుతూ పోస్టర్లు, ఫలితం వచ్చాక అలకలు.

నవ్వొచ్చినా నాకు ఇది విలువైనదిగానే తోస్తుంది. దుబాయ్‌లో తల్లిదండ్రులు కొనుగోలుదారులు. నచ్చకపోతే ఇంకో బడికి పోతారు, పోయే స్తోమత ఉంటే. మస్కట్‌లో తల్లిదండ్రులు ఓటర్లు. ఫీజు పెంచాలంటే వందల మంది ముందు జవాబు చెప్పాలి. అందుకే అక్కడి ఫీజులు దశాబ్దాలుగా నెలకు పదుల రియాళ్లలోనే నిలిచాయి. ఎడారి మధ్య ఊళ్లో పనిచేసే ఎలక్ట్రీషియన్ కొడుకు కూడా సీబీఎస్‌ఈ బడికి పోగలుగుతున్నాడంటే ఈ ఏర్పాటు వల్లే. లాభం చూసుకునే సంస్థ ఖసబ్‌లో బడి పెట్టదు.

లోపాలు లేకపోలేదు. తరగతి గదులు కిక్కిరిసి ఉంటాయి. చోటు చాలక కొన్ని బడులు మధ్యాహ్నం షిఫ్టు కూడా నడిపాయి. ఒంటి గంట ఎండలో బస్సెక్కి చీకటి పడ్డాక ఇల్లు చేరే చిన్నపిల్లల సంగతి తల్లులను అడగాలి. దుబాయ్ తరహా బహిరంగ రేటింగులు లేవు కాబట్టి ఏ బడి మంచిదన్నది మస్కట్‌లోని రూవీలో కిరాణా కొట్టు ముందు జరిగే కబుర్ల మీదే ఆధారపడుతుంది. మస్కట్ రాజధాని ప్రాంతపు బడులకు ప్రవేశాలు ఒకే ఆన్‌లైన్ విధానంలో, కింది తరగతులకు లాటరీతో జరుగుతాయి. ఏడాది మొదట్లో నమోదు, తర్వాత డ్రా. ఇంటికి ఐదు నిమిషాల దూరంలో బడి ఉన్నా సీటు నగరం అటు చివర రావచ్చు. అన్న ఒక బడి, చెల్లె ఇంకో బడి అయితే రెండు బస్సుల ఫీజు.

ఇదీ ఒక బడ్జెట్‌గా చూద్దాం. జీతం 450 రియాళ్లు, అంటే సుమారు 4,300 దిర్హంలు. వాదీ కబీర్ వైపు ఇంటి కిరాయి 150, ఇద్దరు పిల్లల ఫీజు, బస్సు కలిపి 90 అనుకుంటే మిగిలేది 210 రియాళ్లు. 48 వేల రూపాయలు. పొదుపుగా ఉంటే ఇంటికి కొంత పంపొచ్చు. దుబాయ్‌లో దీనికన్నా దాదాపు నలభై శాతం ఎక్కువ జీతమున్నవాడికి 1,500 దిర్హంలు, అంటే 36 వేలు మిగిలాయి. మన ఇంటికి పనికొచ్చే పోలిక ఇది. జీతం దుబాయ్‌లో పెద్దగా కనబడుతుంది, నెలాఖరుకు చేతిలో ఉండేది మస్కట్‌లో ఎక్కువ.

'ఇంటర్నేషనల్' బడి కావాలనుకునేవాళ్లకు మస్కట్‌లోనూ అమెరికన్ బ్రిటిష్ అకాడమీ, బ్రిటిష్ స్కూల్ లాంటివి ఉన్నాయి. రకాలు కావాలంటే మాత్రం దుబాయే. ఐబీ, ఏ-లెవెల్ చదివిన పిల్లలు మన యూనివర్సిటీల్లో చేరాలంటే సమానత్వ పత్రం తెచ్చుకోవాలి. నీట్‌కు కూర్చోవాలంటే భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ తీసుకుని ఉండాలి. పిల్లవాడు డిగ్రీకి లండన్ పోతాడని ఖాయమైతేనే ఆ ఖర్చుకు అర్థం.

తిరిగొచ్చే తరగతి

ఇప్పుడు అసలు విషయం. గల్ఫ్‌లో స్థిరపడడం లేదు. అక్కడ పుట్టినా పౌరసత్వం రాదు, ఉద్యోగం పోతే వీసా పోతుంది. పిల్లవాడి చదువు ముగిసేది ఇక్కడే. ఇక్కడి నిబంధనలు ఆ పిల్లవాడిని ఎలా చూస్తాయో తెలియకుండా అక్కడి బడిని ఎంచుకోవడం సగం లెక్కే.

తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో జీవో 33తో వైద్యవిద్య ప్రవేశాల నిబంధనలు సవరించింది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా, రాష్ట్రంలో చదివినవారే స్థానికులు. కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. భిక్నూర్‌లో పుట్టి, తాతల నాటి భూమి భిక్నూర్‌లోనే ఉన్నా, పన్నెండో తరగతి మస్కట్‌లో చదివితే ఎంబీబీఎస్ కన్వీనర్ కోటాలో స్థానికత ఉండదు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు ఫీజు ఏడాదికి 60 వేలు. యాజమాన్య కోటా సీటు పది లక్షలు దాటుతుంది. దుబాయ్‌కూ మస్కట్‌కూ మధ్య ఫీజు తేడా అంతా కలిపినా ఈ తేడా ముందు చిల్లర.

ప్రభుత్వ ఉద్యోగాల లెక్క ఇంకోటి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు దాకా ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ స్థానికుడు. జిల్లా, జోనల్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. కామారెడ్డి జిల్లా రాజన్న జోన్‌లో ఉంది. ఒకటి నుంచి ఏడు దాకా దుబాయ్‌లో చదివిన పిల్ల రేపు గ్రూప్-4 రాస్తే తన సొంత జిల్లాలోనే స్థానికేతరురాలు.

మెడికల్ సీటుకు తొమ్మిది నుంచి పన్నెండు. కొలువుకు ఒకటి నుంచి ఏడులో నాలుగేళ్లు. ఈ రెండు కిటికీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక దారి కనబడుతుంది. ఒకటి నుంచి నాలుగు దాకా భిక్నూర్‌లోనో కామారెడ్డిలోనో, ఐదు నుంచి ఎనిమిది దాకా గల్ఫ్‌లో, తొమ్మిది నుంచి మళ్లీ ఇక్కడ. నాలుగు, నాలుగు, నాలుగు. రెండు స్థానికతలూ నిలుస్తాయి, పిల్లలు నాలుగేళ్లు తండ్రి దగ్గర ఉంటారు. ఎల్‌కేజీ, యూకేజీలు ఏ లెక్కలోకీ రావు కాబట్టి ఆ రెండేళ్లూ అక్కడే గడిపినా నష్టం లేదు. చాలా కుటుంబాలు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తాయి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు, ఫీజు తక్కువ కదా అని ఒకటో తరగతి నుంచి అక్కడే చదివించి, పై తరగతుల ఫీజు భరించలేక ఏ పదో తరగతి మధ్యలోనో పంపేస్తాయి. అప్పటికి రెండు కిటికీలూ మూసుకుపోయి ఉంటాయి.

ఇంజినీరింగే లక్ష్యమైతే లెక్క కొంత మారుతుంది. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ఎన్‌ఐటీల్లో సీఐడబ్ల్యూజీ పేరుతో ప్రత్యేక కోటా ఉంది. జేఈఈ మెయిన్ ర్యాంకు ఆధారంగా సీటిస్తారు. విదేశీ ఫీజు కాకుండా ఇక్కడి పిల్లలు కట్టే ట్యూషన్ ఫీజే కట్టాలి. లెక్కల్లో గట్టి పిల్లవాడు, మస్కట్‌లో నిలకడైన ఉద్యోగం రెండూ ఉంటే ఇంటర్ అక్కడే ముగించడం తెలివైన పనే. నీట్ కేంద్రాలు కూడా 2021లో దుబాయ్, కువైట్‌లకూ, 2022లో మస్కట్, దోహాలకూ వచ్చాయి. పరీక్ష రాయడానికి విమానం ఎక్కాల్సిన బాధ తప్పింది. పరీక్ష అక్కడ రాసినా స్థానికత లెక్క మారదన్నది మాత్రం మరువకూడదు.

తెలుగు సంగతి

ఇది చాలామంది చివర్లో, పిల్లవాడిని తొమ్మిదిలో చేర్చే రోజున గుర్తు తెచ్చుకునే సంగతి. 2018 చట్టంతో తెలంగాణలో ఏ బోర్డు బడైనా పదో తరగతి దాకా తెలుగు చెప్పి తీరాలి. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల్లో కొత్తగా నేర్చే పిల్లల కోసం 'వెన్నెల' అనే సులభ వాచకాన్ని 2025-26లో తొమ్మిదికి, తర్వాతి ఏడు పదికి పెట్టాలని ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఉత్తర్వులిచ్చింది. సులభమే అయినా అక్షరం రాని పిల్లవాడికి కొండే.

దుబాయ్ ప్రైవేటు బడుల్లో తొమ్మిది దాకా అరబ్బీ తప్పనిసరి. దాని పక్కన హిందీ, ఇంగ్లిషు. పీరియడ్లు అక్కడికే నిండిపోతాయి. సీబీఎస్‌ఈలో తెలుగుకు రెండు కోడ్‌లు ఉన్నాయి, అందులో ఒకటి ప్రత్యేకంగా తెలంగాణ తెలుగు. కోడ్ ఉన్నంత మాత్రాన అక్కడి బడిలో చెప్పే టీచరు ఉన్నట్టు కాదు. మలయాళీలు మనకన్నా ముందే సంఘాలుగా కూడి తమ భాషకు అక్కడి బడుల్లో చోటు సంపాదించుకున్నారు. మనవాళ్లు సంక్రాంతికి వేదిక అలంకరించడానికి ఖర్చుపెట్టినంత తెలుగు టీచరుకు పెట్టలేదన్నది నా ఫిర్యాదు. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి వారాంతపు తరగతులు కొంత ఆదుకుంటాయి. ఒకటి నుంచి నాలుగు దాకా ఊళ్లో చదివిన పిల్లవాడికి ఈ బాధే లేదు. గుణింతాలు వచ్చిన పిల్లవాడు నాలుగేళ్లు చదవకపోయినా మరిచిపోడు.

ఊళ్లోనే ఉండిపోయిన పిల్లలు

ఇంతా చెప్పి, ఈ పోలిక ఎందరికి వర్తిస్తుందో కూడా చెప్పాలి. మన మండలం నుంచి పోయినవాళ్లలో ఎక్కువమంది క్యాంపుల్లో ఉంటారు. దుబాయ్‌లోని సోనాపూర్‌లో ఒక గదిలో ఆరేడు మంది మధ్య పడుకునే మనిషికి 4,000 దిర్హంల గీత కంటికి ఆనదు. అతని పిల్లలకు మిగిలిన నగరం కామారెడ్డే. నెలనెలా వచ్చే డబ్బులో పెద్ద భాగం కామారెడ్డి ప్రైవేటు బడి ఫీజుకో, హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కో పోతుంది. గల్ఫ్ డబ్బు మన పల్లెల్లో ముందు ఇళ్లు కట్టింది, తర్వాత పసుపుపచ్చ బస్సులను ఊళ్లోకి తెచ్చింది. ప్రభుత్వ బడుల్లో పిల్లలు తగ్గడానికి ఆ బస్సులూ ఒక కారణం.

2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల సాయంతోపాటు, గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఇస్తామని ఉత్తర్వులిచ్చింది. ఈ రెండో ముక్క చాలా ఇళ్లకు చేరనే లేదు. తండ్రి దూరంగా, తల్లి ఒక్కతే ఉన్న ఇంట్లో ఆడపిల్లకు మంచి గురుకులం సీటు, అప్పు చేసి చేర్చిన ఏ 'ఇంటర్నేషనల్' బోర్డు బడికన్నా మేలు. కామారెడ్డి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి జరుగుతుంది. పాస్‌పోర్టు, వీసా నకళ్లు పట్టుకుని అడగాలి.

కాబట్టి నా మాట ఇది. కంపెనీ ఫీజు కడుతూ, జీతం పది వేల దిర్హంలు దాటితే దుబాయ్. బడుల విషయంలో అక్కడ ఉన్నంత సమాచారం, పర్యవేక్షణ మస్కట్‌లో లేవు. ఫీజు సొంత జేబులోంచి కట్టే సూపర్‌వైజరుకు, అకౌంటెంటుకు మస్కటే నయం, లాటరీలో దూరపు బడి తగిలినా సరే. క్యాంపు జీతానికి రెండూ వద్దు, అప్పు చేసి కుటుంబాన్ని తేవద్దు. ఎక్కడికి తీసుకుపోయినా తొమ్మిదో తరగతి నాటికి ఎక్కడ ఉండాలన్నది టికెట్ కొనకముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఇక్కడ చదివిన ప్రతి తరగతికీ బోనాఫైడ్ తీసి దాచండి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. వైద్యవిద్య స్థానికతపై సుప్రీంకోర్టులో వాదన జరిగినప్పుడు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, రక్షణ దళాలవారు ఉద్యోగరీత్యా బయట ఉంటే వాళ్ల పిల్లలకు మినహాయింపు ఇచ్చే నిబంధనను ప్రభుత్వం ముందుకు తెచ్చింది. బదిలీ మీద ఢిల్లీ వెళ్లిన అధికారి పిల్లలకు వర్తించిన న్యాయం, బతుకుతెరువు కోసం మస్కట్ వెళ్లిన భిక్నూర్ ఎలక్ట్రీషియన్ పిల్లలకూ వర్తించాలి. ఊళ్లో రేషన్ కార్డు, ఓటు, భూమి ఉన్న ఇల్లు అది. వచ్చే నీట్ నోటిఫికేషన్ లోపే ఆ జాబితాలో గల్ఫ్ కార్మికులను చేర్చాలి.